నిష్పత్తి పరీక్షలో అవధి 1 వస్తే శ్రేణి అభిసరణను ఎలా తేల్చాలి?

ప్రశ్న
రాసినవారు: సగటువిద్యార్థి

అనంత శ్రేణుల అభిసరణకు సంబంధించిన పరీక్షలను ఒక్కొక్కటిగా చదివినప్పుడు ఏ ఇబ్బందీ ఉండటం లేదు. తెలియని శ్రేణిని ముందు పెట్టి, అది అభిసరిస్తుందో (మొత్తం ఒక స్థిర విలువకు చేరుతుందో) అపసరిస్తుందో (చేరదో) చెప్పమన్నప్పుడే ఏ పరీక్షను ఎంచుకోవాలో తోచడం లేదు. సాధారణంగా నేను నిష్పత్తి పరీక్షతో మొదలుపెడతాను. ప్రతి పదాన్ని దాని ముందున్న పదంతో భాగించి, ఆ నిష్పత్తి అవధి 1 కంటే తక్కువైతే అభిసరణ అనీ, ఎక్కువైతే అపసరణ అనీ రాస్తాను. అవధి సరిగ్గా 1 వచ్చిందంటే మాత్రం ఆ పైన ఏం చేయాలో తెలియక అక్కడే ఆగిపోతాను.

ఈ కింది అయిదు శ్రేణుల సాధారణ పదాలను చూడండి. లాగ్ అని రాసిన ప్రతిచోటా సహజ సంవర్గమానం అనే అర్థం.

(అ) ఎన్! / ఎన్^ఎన్
(ఆ) 1 / (ఎన్ లాగ్ ఎన్), ఎన్ విలువ 2 నుంచి
(ఇ) 1 / ఎన్^(1 + 1/ఎన్)
(ఈ) (−1)^ఎన్ / (√ఎన్ + (−1)^ఎన్), ఎన్ విలువ 2 నుంచి
(ఉ) [1·3·5 … (2ఎన్ − 1)] / [2·4·6 … (2ఎన్)]

వీటిలో (ఆ) పదాలు 1/ఎన్ కంటే వేగంగా తగ్గుతున్నాయి కాబట్టి అది అభిసరించాలని నాకు అనిపిస్తోంది. కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రాము రాసి ఎన్ విలువ 10 లక్షలు అయ్యేవరకు కూడితే మొత్తం 3.42 దగ్గర దాదాపు కదలకుండా నిలబడింది. (ఇ)లో ఘాతం ఎప్పుడూ 1 కంటే ఎక్కువే కనుక పి-శ్రేణి నియమం (ఘాతం పి 1 కంటే ఎక్కువైతే 1/ఎన్^పి శ్రేణి అభిసరిస్తుంది) ప్రకారం అదీ అభిసరించాలి. (ఈ)లో గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి మారుతున్నాయి, పదాలు సున్నాకు చేరుతున్నాయి, అందువల్ల లైబ్నిట్జ్ పరీక్ష సరిపోవాలి. కానీ నా దగ్గరున్న జవాబుల పట్టికలో ఈ మూడింటికీ అపసరణ అనే ఉంది. (ఉ)లో నిష్పత్తి అవధి 1 వచ్చింది, ఆ పైన ముందుకు సాగలేదు. ఏ పరీక్ష ఎప్పుడు వాడాలో నిర్ణయించడానికి ఒక ఆలోచనా క్రమాన్ని ఎవరైనా వివరించగలరా?


సమాధానం
రాసినవారు: శేషపదం

నిష్పత్తి పరీక్ష నిజానికి ఏం చేస్తుందో ముందు చూద్దాం. అది మీ శ్రేణిని ఒక గుణశ్రేణితో పోలుస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. వరుస పదాల నిష్పత్తి అవధి 1/3 అయిందంటే, ఒక దశ దాటాక ప్రతి పదమూ దాని ముందు పదంలో సగం కంటే చిన్నదిగా ఉంటుందని అర్థం, అప్పుడు 1/2 నిష్పత్తిగా గల గుణశ్రేణి దాన్ని పైనుంచి అదుపులో పెడుతుంది. అవధి 1 వచ్చిందంటే పరీక్ష పాడైపోయిందని కాదు. మీ పదాలు ఏ గుణశ్రేణి తగ్గినంత వేగంగానూ తగ్గడం లేదని, అలాగని గుణశ్రేణిలా పెరగడమూ లేదని అది చెబుతోంది. 1/ఎన్‌కూ అవధి 1 వస్తుంది, 1/ఎన్²‌కూ 1 వస్తుంది. మొదటిది అపసరిస్తుంది, రెండోది అభిసరిస్తుంది. కాబట్టి ఎన్, ఎన్² వంటి ఎన్ ఘాతాల స్థాయిలోనో, సంవర్గమానాల స్థాయిలోనో తేడా ఉన్న శ్రేణుల మీద ఈ పరీక్షను ప్రయోగించడం వల్ల ఉపయోగం లేదు. సాధారణ పదంలో ఎన్! వంటి క్రమగుణితాలో (1 నుంచి ఎన్ వరకు సంఖ్యల లబ్ధం), ఘాతంలో ఎన్ ఉన్న 3^ఎన్ వంటివో కనబడినప్పుడే నిష్పత్తి పరీక్షను ముందుగా తీయండి.

ఆ లెక్కన మీ అయిదింటిలో (అ) దానికి తగినది. నిష్పత్తి సులభంగా (ఎన్/(ఎన్+1))^ఎన్ అని వస్తుంది, దాని అవధి 1/2.718… అంటే సుమారు 0.368. అది 1 కంటే తక్కువ, శ్రేణి అభిసరిస్తుంది. దీని గురించి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

(ఇ) విషయంలో మీరు ఉపయోగించిన నియమం సరైనదే గానీ, అది వర్తించే చోటు ఇది కాదు. పి-శ్రేణి నియమంలో ఘాతం ఒక స్థిరసంఖ్య. 1 కంటే ఎంత కొద్దిగా ఎక్కువైనా పరవాలేదు, కానీ ఎన్‌తో పాటు మారకూడదు. ఇక్కడ ఘాతం 1 కంటే ఎక్కువగా ఉంటూనే 1 వైపు జారిపోతోంది. సాధారణ పదాన్ని (1/ఎన్) · (1/ఎన్^(1/ఎన్)) అని విడదీసి చూడండి. ఎన్ 100 అయినప్పుడు ఎన్^(1/ఎన్) విలువ సుమారు 1.047, ఎన్ 10 లక్షలైనప్పుడు 1.000014. ఏ సహజసంఖ్యకైనా ఆ విలువ 1.5 దాటదు; అన్నిటికంటే ఎక్కువగా ఎన్ = 3 దగ్గర అది 1.4422 మాత్రమే. కాబట్టి మీ ప్రతి పదమూ 2/(3ఎన్) కంటే పెద్దదే. 1/ఎన్ శ్రేణి అపసరిస్తుంది కనుక ఇదీ అపసరిస్తుంది.

ఇక (ఆ). నాకు మీ ప్రశ్నలో అన్నిటికంటే ఆసక్తికరమైనది ఇదే. ‘1/ఎన్ కంటే వేగంగా తగ్గితే అభిసరిస్తుంది’ అనే భావన చాలామందికి కలుగుతుంది. 1827లో లూయీ ఒలివియే అనే గణితజ్ఞుడు క్రెల్ పత్రిక అనే జర్మన్ గణిత పత్రికలో సరిగ్గా దీనినే సిద్ధాంతంగా ప్రకటించాడు: ఎన్‌వ పదాన్ని ఎన్‌తో గుణించగా వచ్చేది సున్నాకు చేరితే ధనపదాల శ్రేణి అభిసరిస్తుందని. మరుసటి సంవత్సరమే నీల్స్ హెన్రిక్ ఆబెల్ అదే పత్రికలో దాన్ని ఖండించాడు. ఆయన చూపిన ప్రత్యుదాహరణ మీ (ఆ) శ్రేణే.

అపసరణను నిరూపించడానికి సమాకలని పరీక్ష వాడవచ్చు. 1/(ఎక్స్ లాగ్ ఎక్స్) సమాకలని లాగ్(లాగ్ ఎక్స్) కాబట్టి, అది హద్దు లేకుండా పెరుగుతుంది. నాకు మాత్రం కోషీ 1821లో ఇచ్చిన పద్ధతి ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అందులో అపసరణ ఎక్కడి నుంచి పుడుతోందో కంటికి కనబడుతుంది. 1350 ప్రాంతంలో నికోల్ ఒరెమ్ 1/ఎన్ శ్రేణి అపసరిస్తుందని చూపిన తీరు మీకు గుర్తుండే ఉంటుంది: 1/3 + 1/4 అనేది 1/2 కంటే పెద్దది, తర్వాతి నాలుగు పదాల మొత్తమూ 1/2 కంటే పెద్దది, ఆ తర్వాతి ఎనిమిదీ అంతే, ఇలా ఎన్ని గుంపులైనా దొరుకుతాయి. కోషీ ఈ గుంపులు కట్టే ఆలోచననే, పదాలు ధనాత్మకంగా ఉండి తగ్గుతూ పోయే ప్రతి శ్రేణికీ విస్తరించాడు. అలాంటి శ్రేణిలో ఎన్ స్థానంలో 2^కె పెట్టగా వచ్చిన పదాన్ని 2^కె‌తో గుణించి కొత్త శ్రేణిని రాస్తే, పాతదీ కొత్తదీ రెండూ కలిసే అభిసరిస్తాయి, లేదా కలిసే అపసరిస్తాయి. మీ (ఆ)లో అలా చేసినప్పుడు 2^కె పైనా కిందా కొట్టుకుపోయి 1/(కె లాగ్ 2) మాత్రం మిగులుతుంది. లాగ్ 2 ఒక స్థిరాంకం, మిగిలింది 1/కె. అంటే మీ శ్రేణి లోపల దాగి ఉన్నది మళ్ళీ ఆ 1/ఎన్ శ్రేణే, అంటే హరాత్మక శ్రేణే.

మీ ప్రోగ్రాము సంగతి. (ఆ) పాక్షిక మొత్తం, అంటే ఎన్ వరకు కూడితే వచ్చేది, లాగ్(లాగ్ ఎన్) + 0.7947 అనే విలువకు చాలా దగ్గరగా ఉంటుంది. ఎన్ 10 లక్షలైనప్పుడు అది 3.42, మీకు కనబడినదీ అదే. ఎన్‌ను లక్ష కోట్లకు పెంచితే 4.11. పదాల సంఖ్యను దానితోనే గుణించిన (అంటే వర్గం చేసిన) ప్రతిసారీ మొత్తానికి లాగ్ 2, అంటే 0.693, మాత్రమే చేరుతుంది. ఇంత నెమ్మదిగా అనంతానికి నడిచే శ్రేణిని ఏ కంప్యూటరూ పట్టుకోలేదు. దీని పక్కనే 1/(ఎన్ (లాగ్ ఎన్)²) అనే శ్రేణిని పెట్టి చూడండి. కోషీ పద్ధతిలో అది 1/కె² అవుతుంది కనుక అభిసరిస్తుంది, మొత్తం సుమారు 2.1097. కానీ 10 లక్షల వరకు కూడితే 2.04 దగ్గరే ఉంటుంది, మిగిలిన 0.07 అంతా ఆ తర్వాతి పదాల నుంచి రావాలి. తెరమీద రెండూ ఒకేలా నిలబడినట్టు కనిపిస్తాయి. ఒకటి నిజంగానే ఆగిపోతుంది, మరొకటి ఎప్పటికీ ఆగదు. అభిసరణ ప్రశ్నలకు అంకెలు కూడి జవాబు చెప్పడం మీద నాకు అందుకే నమ్మకం లేదు.


సమాధానం
రాసినవారు: ఏకాంతరం

పై సమాధానంలో (ఈ) ప్రస్తావన రాలేదు కనుక దాన్ని నేను తీసుకుంటాను. లైబ్నిట్జ్ పరీక్షకు మూడు షరతులు ఉన్నాయి. గుర్తులు ఏకాంతరంగా మారాలి, పదాల పరిమాణం సున్నాకు చేరాలి, ఆ పరిమాణం ఒక దశ తర్వాత పెరగకుండా తగ్గుతూ రావాలి. చాలామంది మొదటి రెంటిని సరిచూసి మూడోదాన్ని వదిలేస్తారు, ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లోని ఉదాహరణల్లో అది ఎప్పుడూ దానంతటదే నిజమవుతూ ఉంటుంది. మీ శ్రేణి సరిగ్గా ఆ మూడో షరతును తప్పించడానికే తయారైనది.

పదాలను రాసి చూడండి. ఎన్ = 2 అయితే +0.414, ఎన్ = 3 అయితే −1.366, ఆ తర్వాత +0.333, −0.809, +0.290, −0.608. ధనపదాలు చిన్నవిగా, వాటి పక్కనున్న రుణపదాలు పెద్దవిగా ఉన్నాయి. పరిమాణం తగ్గుతోంది, మళ్ళీ పెరుగుతోంది, మళ్ళీ తగ్గుతోంది. రెండేసి పదాలను జతచేస్తే −0.952, −0.476, −0.318 వస్తాయి. రెండో జత మొదటిదానిలో సగం, మూడోది మూడో వంతు. అంటే జతలన్నీ దాదాపు −1/కె లాగా నడుస్తున్నాయి, వాటి మొత్తం రుణ అనంతం వైపు పోతోంది.

ఇది కళ్ళతో చూసింది మాత్రమే. నిరూపణకు హారాన్ని అకరణీయం లేకుండా చేసుకుంటే చాలు. లవహారాలను √ఎన్ − (−1)^ఎన్ చేత గుణించగా, సాధారణ పదం (−1)^ఎన్ √ఎన్/(ఎన్ − 1) నుంచి 1/(ఎన్ − 1)ను తీసివేసిన రూపంలోకి వస్తుంది. మొదటి భాగంలో √ఎన్/(ఎన్ − 1) నిజంగానే తగ్గుతూ సున్నాకు చేరుతుంది, కాబట్టి లైబ్నిట్జ్ పరీక్ష ప్రకారం ఆ భాగం అభిసరిస్తుంది. రెండో భాగం హరాత్మక శ్రేణి. అభిసరించే దాని నుంచి అపసరించే దాన్ని తీసివేస్తే వచ్చేది అపసరించక తప్పదు.

దీని నుంచి ఇంకొక జాగ్రత్త కూడా నేర్చుకోవచ్చు. మీ పదాన్ని (−1)^ఎన్/√ఎన్ అనే పదంతో భాగిస్తే అవధి 1 వస్తుంది. అవధి పోలిక పరీక్షను (రెండు శ్రేణుల పదాల నిష్పత్తి అవధి ఒక ధనసంఖ్య అయితే రెండూ కలిసే అభిసరిస్తాయి, లేదా కలిసే అపసరిస్తాయి అనేదాన్ని) గుడ్డిగా వాడితే, (−1)^ఎన్/√ఎన్ అభిసరిస్తుంది కనుక మీ శ్రేణి కూడా అభిసరించాలని తేలుతుంది, అది తప్పు. ఆ పరీక్ష ధనపదాల శ్రేణులకు మాత్రమే చెల్లుతుంది. గుర్తులు కలిసి ఉన్న శ్రేణుల్లో అభిసరణ అనేది కూడికలూ తీసివేతలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం మీద ఆధారపడుతుంది; పదంలో కంటికి ఆనని చిన్న మార్పు, ఇక్కడ 1/ఎన్ పరిమాణంలో ఉన్నది, ఆ సమతూకాన్ని చెడగొట్టగలదు. గుర్తులు తీసేసి పరిమాణాలను మాత్రమే కూడినా అభిసరించే శ్రేణులకు, అంటే పరమ అభిసరణ ఉన్న వాటికి, ఈ భయం లేదు. అందుకే గుర్తులు మారే శ్రేణి ఎదురైతే నేను మొదట పరిమాణాల శ్రేణినే పరిశీలిస్తాను. అది అభిసరిస్తే పని అక్కడితో ముగుస్తుంది. అపసరిస్తేనే లైబ్నిట్జ్ పరీక్ష దగ్గరికి వెళతాను.

మూడు షరతులూ నెరవేరినప్పుడు లైబ్నిట్జ్ పరీక్ష అభిసరణతో పాటు మరొకటి కూడా ఇస్తుంది: ఎక్కడ ఆపినా మిగిలే దోషం తర్వాతి పదం కంటే మించదు. 1 − 1/3 + 1/5 − 1/7 + 1/9 అనే అయిదు పదాల మొత్తం 0.8349. అసలు విలువ పై/4 (పై అంటే π), అంటే 0.7854. దోషం 0.05 దాకా ఉంది, తర్వాతి పదమైన 1/11 లోపే ఉంది. ఈ శ్రేణి ఎంత నెమ్మదైనదో కేరళ గణిత సంప్రదాయం వారు లైబ్నిట్జ్ కంటే ఎంతో ముందే గమనించి, ఎన్ పదాల తర్వాత ఎన్/(4ఎన్² + 1) అనే సవరణ పదాన్ని చేర్చే పద్ధతిని ఏర్పరచారు. దీన్ని మాధవుని పేరిట చెబుతారు. అయిదు పదాల తర్వాత ఆ సవరణ 5/101, దాన్ని 0.8349 నుంచి తీసివేస్తే 0.78542 వస్తుంది. నాలుగు దశాంశ స్థానాల వరకు సరిపోయింది. శ్రేణి అభిసరిస్తుందని తెలియడం ఒక సంగతి, దాని మొత్తాన్ని చేతికి అందే శ్రమతో రాబట్టడం మరొక సంగతి. మొదటిదానికే పాఠాల్లో ఎక్కువ చోటు దొరుకుతుందని నాకు కొంచెం అసంతృప్తి.


అనుబంధ ప్రశ్న
రాసినవారు: సగటువిద్యార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. (ఈ)లో జతలు కట్టి చూపిన తీరుతో విషయం స్పష్టమైంది. (ఉ) మాత్రం ఇంకా మిగిలి ఉంది. అక్కడ నిష్పత్తి (2ఎన్ + 1)/(2ఎన్ + 2) అని వస్తోంది, అవధి 1. ఎన్‌వ మూలాన్ని తీసుకునే మూల పరీక్ష నిష్పత్తి పరీక్ష కంటే బలమైనదని ఎక్కడో చదివాను. ఇక్కడ అదైనా పని చేస్తుందా? ఇలా ఒక్కో పరీక్ష విఫలమైనప్పుడు దానికంటే బలమైన దాన్ని వెతుక్కుంటూ పోతే, చివరకు ధనపదాల శ్రేణి దేనినైనా తేల్చగల ఆఖరి పరీక్ష అంటూ ఒకటి దొరుకుతుందా?


సమాధానం
రాసినవారు: అవధి

మూల పరీక్ష బలమైనదే, అయితే ఇక్కడ ఉపయోగపడదు. నిష్పత్తికి ఏదైనా అవధి ఉందంటే మూలానికీ అదే అవధి ఉంటుంది. నిష్పత్తి 1 ఇచ్చిన చోట మూలమూ 1 ఇస్తుంది. దాని బలమంతా నిష్పత్తికి అవధే లేని చోట కనిపిస్తుంది. 1/4 + 1/2 + 1/16 + 1/8 + 1/64 + 1/32 + … అనే శ్రేణిలో వరుస పదాల నిష్పత్తి ఒకసారి 2, మరోసారి 1/8 అవుతూ ఊగిసలాడుతుంది, నిష్పత్తి పరీక్ష ఏమీ చెప్పలేదు. ఎన్‌వ మూలం మాత్రం 1/2కు చేరుతుంది, శ్రేణి అభిసరిస్తుంది. దీని మొత్తం సరిగ్గా 1 అని జతలు కట్టి మీరే చూసుకోవచ్చు.

(ఉ)కు కావలసింది గుణశ్రేణితో పోలిక కాదు, పి-శ్రేణితో పోలిక. దాన్ని చేసేది రాబే పరీక్ష, 1832 నాటిది. ఎన్‌వ పదాన్ని దాని తర్వాతి పదంతో భాగించి, అందులోంచి 1 తీసివేసి, మిగిలినదాన్ని ఎన్‌తో గుణించి అవధి తీసుకోవాలి. 1/ఎన్^పి విషయంలో ఆ అవధి పి అవుతుంది కనుక, అవధి 1 కంటే ఎక్కువైతే అభిసరణ, తక్కువైతే అపసరణ. మీ (ఉ)లో ఆ లెక్క ఎన్/(2ఎన్ + 1) అని వస్తుంది, అవధి 1/2. అంటే పదాలు 1/√ఎన్ లాగా తగ్గుతున్నాయి, శ్రేణి అపసరిస్తుంది.

అయితే పరీక్ష పేరు చెప్పకుండానే దీన్ని తేల్చవచ్చు, నేనైతే అదే ఇష్టపడతాను. లవంలోని 1ని పక్కన పెట్టి, లవంలో మిగిలిన ప్రతి సంఖ్యనూ హారంలో దానికంటే ఒకటి తక్కువగా ఉన్న సంఖ్యతో జత కట్టండి: 3/2, 5/4, 7/6, అలా (2ఎన్ − 1)/(2ఎన్ − 2) వరకు. ఇవన్నీ 1 కంటే పెద్దవి. హారంలో జత దొరకక మిగిలిపోయింది 2ఎన్ ఒక్కటే. కాబట్టి సాధారణ పదం 1/(2ఎన్) కంటే ఎప్పుడూ తక్కువ కాదు, హరాత్మక శ్రేణితో పోలిక పూర్తయింది.

ఈ శ్రేణితో ఇంకొంచెం ఆడుకోండి. ప్రతి పదాన్నీ వర్గం చేసి కొత్త శ్రేణి రాస్తే రాబే పరీక్షలో అవధి సరిగ్గా 1 వస్తుంది, ఆ పరీక్ష కూడా చేతులెత్తేస్తుంది. కానీ జతలు కట్టే ఉపాయం మళ్ళీ పని చేస్తుంది. వర్గాన్ని (1/2) · (3·3)/(2·4) · (5·5)/(4·6) … · (1/(2ఎన్)) అని పేరిస్తే, మధ్యలోని భిన్నాలన్నీ 9/8, 25/24 లాగా 1 కంటే కాస్త పెద్దవి, అందువల్ల వర్గం 1/(4ఎన్) కంటే తక్కువ కాదు. ఆ శ్రేణీ అపసరిస్తుంది. ఘనాల శ్రేణికి మాత్రం రాబే అవధి 3/2, అది అభిసరిస్తుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు: అలాంటి ఆఖరి పరీక్ష లేదు. ఇక్కడ పరీక్ష అంటే ఒక ప్రమాణ శ్రేణితో పోల్చి చూడటం. మీరు ఎంత నెమ్మదిగా అపసరించే ధనపదాల శ్రేణిని ప్రమాణంగా నిలబెట్టినా, దానికంటే నెమ్మదిగా అపసరించేది తయారు చేయవచ్చని ఆబెల్ చూపించాడు. నిర్మాణం చాలా సులువు. ప్రతి పదాన్నీ అప్పటివరకు వచ్చిన పాక్షిక మొత్తంతో భాగించండి. పాక్షిక మొత్తం అనంతానికి పోతోంది కనుక కొత్త పదాలు పాతవాటితో పోలిస్తే అంతకంతకూ చిన్నవవుతాయి. అయినా అది అపసరిస్తుంది, ఎందుకంటే ఏదో ఒక స్థానం తర్వాత కొన్ని పదాలను తీసుకుంటే, వాటి హారాలన్నిటికంటే పెద్దది చివరి పాక్షిక మొత్తం. ఆ పదాల మొత్తం, 1 నుంచి మొదటి పాక్షిక మొత్తానికీ చివరి పాక్షిక మొత్తానికీ ఉన్న నిష్పత్తిని తీసివేసిన దానికంటే తగ్గదు. చివరి స్థానాన్ని తగినంత దూరం జరిపితే ఆ నిష్పత్తి 1/2 కంటే చిన్నదవుతుంది. అంటే ఎంత దూరం పోయి మొదలుపెట్టినా 1/2 కంటే పెద్ద మొత్తం మళ్ళీ దొరుకుతూనే ఉంటుంది. 1, 1, 1, … అనే శ్రేణి మీద ఈ పని చేస్తే 1/ఎన్ వస్తుంది. 1/ఎన్ మీద చేస్తే పాక్షిక మొత్తం లాగ్ ఎన్‌కు దగ్గరగా ఉంటుంది కనుక దాదాపు మీ (ఆ) వస్తుంది. దాని మీద మళ్ళీ చేస్తే హారంలో లాగ్(లాగ్ ఎన్) కూడా చేరుతుంది. ఈ మెట్లకు అంతు లేదు.

కాబట్టి పరీక్షల జాబితాను బట్టీపట్టి వరుసగా ప్రయోగించడం కంటే, సాధారణ పదం పెద్ద ఎన్‌కు ఏ సులభమైన రూపంలా ప్రవర్తిస్తుందో ముందుగా అంచనా వేయడం మేలు. (ఎన్² + 3ఎన్)/(√(ఎన్⁷ + 1)) అని కనబడితే అందులో పట్టించుకోవలసింది ఎన్²ను ఎన్^3.5‌తో భాగించడమే, అది 1/ఎన్^1.5, అభిసరిస్తుంది. అంచనా దొరికాక దాన్ని నిరూపణగా మార్చడానికి అవధి పోలిక పరీక్ష చాలు. నేను చూసిన లెక్కల్లో చాలా భాగం ఈ ఒక్క పద్ధతికే లొంగాయి.


సమాధానం
రాసినవారు: శేషపదం

పై సమాధానానికి ఒక చిన్న చేర్పు. అంచనా వేసే పద్ధతి పదాలు ఒక క్రమంలో తగ్గుతున్నంత వరకే పనిచేస్తుంది. 1/(ఎన్³ సైన్² ఎన్) అనే సాధారణ పదాన్ని చూడండి, కోణాలు రేడియన్లలో. చూడగానే 1/ఎన్³ గుర్తుకొచ్చి, తప్పక అభిసరిస్తుందని అనిపిస్తుంది. కానీ ఎన్ విలువ పై గుణిజానికి బాగా దగ్గరైనప్పుడల్లా సైన్ విలువ సున్నాకు చేరువై పదం ఉబ్బిపోతుంది. 22/7 అనే భిన్నం పై (π) విలువకు దగ్గరగా ఉండటం వల్ల 22వ పదం దాదాపు 1.2 అవుతుంది. 355/113 మరింత దగ్గరిది కనుక 355వ పదం ఒక్కటే సుమారు 24.6. ఇలాంటి పదాలు ముందు ముందు ఎంత పెద్దవిగా వస్తాయన్నది పై‌ని భిన్నాలతో ఎంత దగ్గరగా అందుకోవచ్చన్న ప్రశ్నతో ముడిపడి ఉంది, ఆ విషయంలో మనకు తెలిసిన హద్దులు ఇంకా సరిపోవు. ఈ శ్రేణి అభిసరిస్తుందా, అపసరిస్తుందా అన్నది ఇప్పటికీ తేలని ప్రశ్నగానే ఉంది. కాబట్టి మీ లెక్కల పుస్తకంలో సైన్ హారంలో కనబడితే 1/ఎన్³‌తో పోల్చే ముందు ఒకసారి ఆగి, అది సున్నాకు ఎంత దగ్గరగా రాగలదో చూసుకోండి. సైన్ లవంలో ఉంటే ఆ చిక్కు లేదు. సైన్ ఎన్ పాక్షిక మొత్తాలు ఒక హద్దు దాటవు కనుక, (సైన్ ఎన్)/ఎన్ శ్రేణి డిరిక్లే పరీక్ష (పాక్షిక మొత్తాలు హద్దు దాటని పదాలను, తగ్గుతూ సున్నాకు చేరే పదాలతో గుణిస్తే వచ్చే శ్రేణి అభిసరిస్తుంది) ప్రకారం అభిసరిస్తుంది, దాని మొత్తం (పై − 1)/2. పరిమాణాలను మాత్రమే కూడితే అది అపసరిస్తుంది. సైన్ పరిమాణం దాని వర్గం కంటే తక్కువ కాదన్న ఒక్క మాటతో దాన్ని మీరే నిరూపించవచ్చు.